మగ్గం మీద పక్క చోటు

సోషియాలజీ చదివి కౌన్సెలింగ్ ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలకు ఒక సంగతి ముందే చెప్పిపెడతాను. మీ దగ్గరికి రావలసిన మనిషి మీ కళ్ళ ముందే పక్క బల్ల దగ్గరికి నడిచిపోతుంది. అప్పుడు కడుపులో ఒక మంట లేస్తుంది. దాని గురించి ఏ సిలబస్‌లోనూ ఉండదు. కుటుంబం మీద నేను ఎం.ఏ. చదివాను, కుటుంబాల మధ్య కూర్చుని నా నడివయసు దాకా ఉద్యోగం చేశాను. ఈ మంట గురించి ఒక్క పేరా రాసిన వాళ్ళు నాకు కనబడలేదు. కేంద్రం మూతపడింది, ఇప్పుడు ఇంట్లో తీరిగ్గా ఉన్నాను కాబట్టి నేనే రాస్తున్నాను. నచ్చకపోతే వాదించండి. వాదించే మనిషి దొరికి చాలా రోజులైంది.

పెనుకొండలో కొండ కింద వీధిలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళ కుటుంబ సలహా కేంద్రం ఉండేది. పాత ఇల్లు. ముందు గదిలో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బెంచీలు, లోపలి గదిలో ఎదురెదురుగా రెండు బల్లలు. ఒకటి నాది. హిందూపురం నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. రెండోది ఆవిడది. ఆవిడకు పేరుంది, కానీ రాయను. రాస్తే చదివినవాళ్ళలో నలుగురు గుర్తుపట్టి "అబ్బా, ఎంత మంచి మనిషో" అంటారు. ఆ మాట నేను చాలినంత విన్నాను.

ఎదురు బల్ల ఆవిడ ఊరు పెనుకొండే. చదువు నా అంతే, వయసు నాకంటే కాస్త తక్కువ. వచ్చిన ఆడమనిషి కొంగు కళ్ళ దాకా తీసుకుపోయే లోపలే ఈవిడ కళ్ళలో నీళ్ళు సిద్ధంగా ఉండేవి. అదంతా నటన అని చాలాకాలం నమ్మాను. నటన కాదని తెలిశాక మంట ఇంకా ఎక్కువైంది. నటన అయితే పట్టుకోవచ్చు, నిజమైతే ఏం చేస్తాం?

నన్ను ఎన్నిసార్లు కలిసినా "మేడం" అనేవాళ్ళు, ఆవిడను కాసేపటికే "అక్కా" అనేవాళ్ళు. మడకశిర వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్ళు వస్తే నా రోజు వచ్చిందనుకునేదాన్ని. హిందూపురంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు రెండు భాషలూ ఒకటే. ఆవిడకు కన్నడం ముక్క రాదు. అయినా వాళ్ళు పోయి ఆవిడ ముందు కూర్చుని కన్నడంలో ఏడ్చేవాళ్ళు. ఆవిడ తెలుగులో ఏడ్చేది. నేను మధ్యలో నిలబడి ఆ ఏడుపుకు అర్థం చెప్పేదాన్ని.

ఉగాదికి, కాపురాలు చక్కబడినవాళ్ళు ఒబ్బట్లు తెచ్చేవాళ్ళు. ఎవరి బల్ల మీద పెట్టేవాళ్ళో చెప్పనక్కర్లేదు. ఆవిడ ఒకటి విరిచి సగం నా బల్ల మీద పెట్టి "తినండి మేడం, మెత్తగా ఉంది" అనేది. ఎదుటి మనిషికి వచ్చిన ఒబ్బట్టులో సగం మింగడం ఎంత కష్టమో మింగినవాళ్ళకు తెలుసు. నెయ్యి కూడా బాగానే వేసేవాళ్ళు.

ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. పోట్లాడుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, తన ఇంటి నుంచి అన్నం తెప్పించి, ఇద్దరికీ ఒకే పళ్ళెంలో పెట్టేది. "మొదట తినండి, తర్వాత పోట్లాడుకుందురు" అనేది. చాలామంది తినేసి పోట్లాట సంగతి మరిచిపోయి వెళ్ళేవాళ్ళు. మా పెద్ద మేడం, అంటే కేంద్రం నడిపే ఆవిడ, ఎవరు వచ్చినా ఈ పళ్ళెం కథ చెప్పేది. నా పద్ధతి ప్రశ్నలు అడగడం. ప్రశ్నలకు ఎవరూ కథ కట్టరు.

ఇక చదువు సంగతి. పరీక్షలో 'సమాజంలో కుటుంబం పాత్ర' అని ప్రశ్న వస్తే కళ్ళు మూసుకుని రాసేదాన్ని. ఒక వర్గం వాళ్ళ లెక్కలో కుటుంబం సమాజానికి అవసరమైన పనులు చేసిపెడుతుంది. పిల్లల్ని కంటుంది, పెంచుతుంది, కూడు పెడుతుంది, మనిషికి నెమ్మది ఇస్తుంది. ఇంకో వర్గం వాళ్ళు వచ్చి, ఆ పనులన్నీ ఎవరి నడుము మీద జరుగుతున్నాయో చూడండి, ఆడదాని చాకిరీకి పెట్టిన ముద్దుపేరే కుటుంబం అంటారు. మూడో వర్గం వాళ్ళకు ఇల్లంటే రోజూ జరిగే చిన్న చిన్న మాటలు, చూపులు. వాటితోనే ఎవరు ఎవరికి ఏమవుతారో తేలుతుందంటారు. మూడూ రాస్తే మార్కులు బాగా వచ్చేవి. ఉద్యోగంలో చేరాక నేను రెండో వర్గంలో స్థిరపడ్డాను. నా నోటికి అది సరిపోయింది.

అట్లాంటి రోజుల్లో ఒక ఎండాకాలం పొద్దున చెన్నేకొత్తపల్లి నుంచి ఒకామె వచ్చింది. అది ఆమె పుట్టిల్లు, అత్తగారిల్లు ధర్మవరం. మొగుడు పట్టుచీరలు నేసేవాడు. గుమ్మంలో నిలబడి రెండు బల్లలనూ చూసింది. నేను "రామ్మా, కూర్చో" అన్నాను, కుర్చీ కూడా కాలితో ముందుకు తోశాను. ఆమె నాకు ఒక నమస్కారం పెట్టి ఆవిడ ముందు కూర్చుంది.

"నా మొగుడు మంచోడే అక్కా" అని మొదలుపెట్టింది. "తాగడు, కొట్టడు. నేను మెట్ల మీద పడి చెయ్యి ఇరిగితే ఆయప్పే ఆస్పత్రికి ఎత్తుకపోయినాడు. కట్టు ఇప్పేదాకా ఆయప్పే నాకు తల దువ్వినాడు."

"మరి పుట్టింట్లో ఎందుకు ఉన్నావమ్మా?"

"మగ్గం మీద నా పక్క చోటు మా అక్కకు ఇచ్చేసినాడు."

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు ఉండే చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నేసే మనిషి ఒకరు. పక్కన ఆనుకుని కూర్చుని, అంచు దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను అందుకుని తిరిగి వేసే మనిషి ఇంకొకరు. ఆ రెండో మనిషి ధర్మవరంలో చాలా ఇళ్ళల్లో పెళ్ళామే. ఈమె పెళ్ళై వచ్చినప్పటి నుంచి మగ్గానికి వేసిన ఆ చెక్క పలక మీదే కూర్చుంది. చెయ్యి విరిగాక, ఆమె అక్క అని పిలిచే తోడికోడలు వచ్చి కూర్చుంది. తోడికోడలంటే మొగుడి అన్న భార్య. ఆ అన్న పోయి చాన్నాళ్ళైంది, ఆమె వీళ్ళతోనే ఉంటుంది.

"చెయ్యి బాగైనాక పోయి మగ్గం కాడ నిలబడినా అక్కా. 'వదిన చేస్తాండాది కదా, నువ్వు రెస్టు తీసుకోమే' అన్నాడు. ఒగ దినమైతే సరే. దినామూ అదే. రెస్టు తీసుకో, రెస్టు తీసుకో. నేనేమన్నా ముసిల్దాన్నా? సచ్చినానా?"

ఎదురు బల్ల ఆవిడ గొంతు తగ్గించి, ఆయనకూ ఆమెకూ మధ్య ఏమైనా ఉందా అని అడిగింది.

"థూ! అట్లాంటిదేం లేదక్కా. ఆమె నాకు తల్లి మాదిరి. అట్లాంటిది ఉంటే ఈడిదాకా ఎందుకొస్తా, ఆడనే తేల్చేద్దును."

ఆవిడ నమ్మలేదు. ఒక చెక్క పలక కోసం ఎవరైనా ఇల్లు వదిలి వస్తారా, లోపల ఇంకేదో ఉంటుంది, చెప్పుకోలేక పోతోంది అని ఆవిడ లెక్క. మొగుణ్ణి పిలిపించింది. ఆయన వచ్చి బిత్తరపోయి కూర్చున్నాడు. "నేను చేసిన తప్పేందక్కా? కష్టపడింది చాలు, సుఖంగా ఉండమన్నా. అదీ నేరమేనా?" అన్నాడు. ఆవిడ అటు అడిగి ఇటు అడిగి, ధర్మవరంలో తెలిసినవాళ్ళను కూడా కనుక్కుని, అక్రమం ఏమీ లేదని తేల్చుకుంది. తేల్చుకోగానే పళ్ళెం తెప్పించింది. ఇద్దరూ తిన్నారు. "ఇంత బంగారం లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడమ్మా" అని ఆమె తల నిమిరి పంపించింది.

నేను ఊరుకోలేదు. "ఆమె అడిగింది చోటు. మీరు పెట్టింది అన్నం" అన్నాను.

"ప్రతిదానికీ వాదనేనా మేడం? నవ్వుకుంటూ పోయినారు కదా" అంది ఆవిడ.

"నవ్వింది ఆయన. ఆమె పళ్ళెం కడిగింది."

పెద్ద మేడం లోపలి నుంచి "చాల్లేండమ్మా" అంది. అది ఇద్దరికీ చెప్పినట్టే ఉంటుంది కానీ నాకు చెప్పిందే. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా "నీకు ఆయమ్మ మీద కుళ్ళు" అన్నాడు. "ఉండాది. అయితే ఏంది?" అన్నాను. ఆయన పేపరు తిప్పాడు.

అయితే నిజం చెప్పాలంటే నా చదువు కూడా ఆ రోజు నన్ను ఇరకాటంలో పెట్టింది. మొదటి వర్గం వాళ్ళు చూస్తే, ఈ ఇంట్లో అన్ని పనులూ జరుగుతున్నాయి. చీర దిగుతోంది, పిల్లలు బడికి పోతున్నారు, వితంతువుకు నీడ దొరికింది. తప్పు ఎక్కడుంది? నా వర్గం వాళ్ళు చూస్తే, పగలంతా జీతం లేకుండా చేసిన చాకిరీ నుంచి ఒక ఆడదానికి విడుదల వచ్చింది, పండగ చేసుకోవాలి. ఆమెకు మాత్రం ఒళ్ళంతా మండిపోతోంది. రెండు సిద్ధాంతాలూ ఆమెను సంతోషంగా ఉండమంటున్నాయి. అచ్చం మొగుడు చెప్పినట్టే.

కొన్ని వారాలకు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో సంచి ఉంది. ఈసారి కూడా ఆవిడ ముందే కూర్చుంది.

"పంచాయితీకి రాలేదక్కా, చెప్పి పోదామని వచ్చినా. ఈ రెండ్రోజులు మా అమ్మోళ్ళింట్లో ఉంటా. సోమవారం హిందూపురంలో గార్మెంట్స్‌లో చేరతాండా. మా ఊరి పిల్లలు ఆడ రూము తీసుకోనుండారు, వాళ్ళతో ఉంటా."

"పిల్లలమ్మా?"

"వాళ్ళకు పెద్దమ్మ ఉండాది. వంట ఆమె చేస్తాది, నేత ఆమె చేస్తాది. ఇంగ నేనెందుకు? ఆ కంపెనీలో నాకంటూ ఒగ మిషను ఇస్తారంట. దాని మీద ఇంకెవురూ కూసోరంట."

ఎదురు బల్ల ఆవిడ కళ్ళు నిండాయి. చెయ్యి పట్టుకుంది, తొందరపడొద్దని ఏదో అంటోంది. నేను నా బల్ల దగ్గరి నుంచి లేచాను. పక్కవాళ్ళ కేసులో వేలు పెట్టకూడదన్నది మా కేంద్రంలో పద్ధతి. నేను పద్ధతి తెలియని దాన్ని కాదు. కానీ ఆ 'ఇంకెవురూ కూసోరంట' అన్న మాట దగ్గర నా కడుపులో ఉన్నదే ఆమె కడుపులోనూ ఉందని నాకు తెలిసిపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురు బల్ల దగ్గర ఏడుపులు, నవ్వులు, అక్కా అక్కా అన్న పిలుపులు వింటూ ఖాళీ కుర్చీ ముందు కూర్చున్నదాన్ని. ఆమెను ఏం అడగాలో నాకు తెలుసు.

"వాళ్ళు మగ్గం మీద నగుతాండారా?" అన్నాను. నవ్వుతున్నారా అని అడగబోతే మా హిందూపురం మాట అప్రయత్నంగా వచ్చేసింది.

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. "మీకెట్ల తెల్సు మేడం?"

"నువ్వు వంటింట్లో ఉంటావు. నీకు వినిపిస్తాంటుంది."

అప్పుడు ఏడ్చింది. అంతకుముందు ఒక్కసారి కూడా ఏడవలేదు, అది నేను గమనించాను, ఆవిడ గమనించలేదు. ఏడుస్తూనే చెప్పింది: "మా ఆయన ఇంట్లో మాట్లాడడు మేడం. అన్నం కాడ మాట్లాడడు, పండుకునేటప్పుడు మాట్లాడడు. మగ్గం మీద కూసుంటేనే నోరు లేస్తాది. ఎవురింట్లో ఏమి జరిగింది, చిన్నప్పుడు వాళ్ళ నాయన ఎట్ల కొట్టినాడు, ఈ రంగు ఎట్లుండాది, ఆ రంగు ఎట్లుండాది, అన్నీ ఆడనే. ఇప్పుడు అవన్నీ ఆమెకు చెప్తాండాడు. నేను కూరాకు తరుగుతా ఇంటాండా. చెవులు మూసుకుందామంటే చేతుల్లో కత్తి."

పెద్ద మేడం తలుపు దగ్గర నిలబడి అంతా విని, మరుసటి రోజే మమ్మల్నిద్దర్నీ ఆమెను వెంటబెట్టుకుని ధర్మవరం పోయి రమ్మంది. ఇద్దరూ అని చెప్పినా కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. "మేడంను కూడా తీసుకుపో" అంది. నన్ను సామాను మాదిరి.

పొద్దున బస్సెక్కి చెన్నేకొత్తపల్లిలో ఆమెను ఎక్కించుకున్నాం. ఆమె పోయి ఆవిడ పక్కన కూర్చుంది. నేను వెనక సీట్లో ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరూ దారి పొడుగునా గుసగుసలాడుకున్నారు. ఆ ప్రశ్న అడిగింది నేను. గుసగుసలు మాత్రం వాళ్ళిద్దరికీ.

ఇంట్లోకి పోయేసరికి మగ్గం ఆడుతోంది. ఉల్లిపాయ రంగు ఒళ్ళు, మామిడాకు పచ్చ అంచు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి ఆయన, పక్కన పెద్ద తోడికోడలు. పెద్ద మనిషి, తల సగం నెరిసింది. మమ్మల్ని చూసి ఆయన గబుక్కున లేచి చాప పరిచాడు. ఆమె కూడా "రా పాపా, రా, ఎండన పడి వచ్చినావు, కాళ్ళు కడుక్కో" అని తోడికోడల్ని ప్రేమగానే పిలిచింది. పిలిచింది కానీ పలక మీది నుంచి లేవలేదు. చేతిలో నాడె కూడా కింద పెట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ఎదురు బల్ల ఆవిడ తన పద్ధతే మొదలుపెట్టింది. మధ్యాహ్నం కూడా అయింది. ఒకే పళ్ళెం, రాగిసంగటి, పప్పు. మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఆయన చెయ్యి పెట్టాడు. ఆమె పెట్టలేదు.

"నేను కూడు మీద అలిగి పోలేదక్కా" అంది నెమ్మదిగా.

ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈసారి వాటితో ఎవరికీ పని పడలేదు.

నేను ఆయన్ను పట్టుకున్నాను. "ఏమప్పా, నిన్నొకటి అడుగుతా. నీ చెయ్యి విరిగిందనుకో. నీ చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, నీ చెయ్యి బాగైనాక కూడా 'నువ్వు రెస్టు తీసుకో నాయనా' అంటే ఎట్లుంటుంది?"

"నేను మగోణ్ణి మేడం, నాకూ ఆమెకూ ఒగటేనా? ఈ వీధిలో ఎవురన్నా పెండ్లానికి రెస్టు ఇచ్చినారేమో అడగండి. ఆడోళ్ళంతా నన్ను చూసి వాళ్ళ మొగుళ్ళను తిడతాండారు. వదిన చెయ్యి తేలిక, చీర తొందరగా దిగుతాంది. ఈమెకు సుఖం. ఇంగేం కావల్ల?"

ఆయనతో లాభం లేదనిపించింది. మంచివాళ్ళతో వాదించడం చాలా కష్టం, నా అనుభవంలో. అందుకని మగ్గం వైపు తిరిగాను. "అమ్మా, మీరు చెప్పండి. మీకు ఆడి నుంచి లేవాలని ఉందా, లేదా? అదొక్కటీ చెప్పండి చాలు."

ఎదురు బల్ల ఆవిడ వెనక నుంచి నా కొంగు లాగింది. "మేడం, పెద్దావిడ, అట్లా అడగొచ్చా?"

అడగకూడదు. ఆ ఇంట్లో అందరూ ఇన్ని నెలలుగా ఆ ఒక్క ప్రశ్నా అడగకుండా మర్యాదగా బతుకుతున్నారు. తోడికోడళ్ళిద్దరూ ఒకరి పళ్ళెంలో ఒకరు కూర వేసుకుంటూ, లోపల ఎవరి మంట వాళ్ళు మండుకుంటూ.

ఆమె నాడెను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది: "లేయను."

మొగుడు పళ్ళెంలోంచి చెయ్యి తీశాడు.

"లేయను. నా మొగుడు పోయినాక ఈ ఇంట్లో నేను యాడ కూసున్నా అడ్డమే. పొయ్యి కాడ కూసుంటే ఈ పాప 'నేను చేస్తాలే అక్కా' అంటాది. వసారాలో కూసుంటే వచ్చేపోయే వాళ్ళకు అడ్డం. ఎవురూ ఒగ మాట అనలేదు, దేవుని ముందర చెప్పల్ల. కానీ నేను ఉంటే ఏంది, పోతే ఏంది? ఈ పలక మీద కూసున్నాక 'వదినా, నాడె' అని ఒగ మనిషి నన్ను పిలుస్తాండాడు. దినామూ పిలుస్తాండాడు. ఆ పాపకు మొగుడుండాడు, పిల్లోళ్ళుండారు, పుట్టినిల్లుండాది. నాకు ఈ చెక్క ఉండాది. నేను లేయను."

ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పలక. ఎవరిది తప్పు అని నేను ఇప్పటికీ వాదించలేను, నేను వాదించలేని విషయాలు చాలా తక్కువ.

పళ్ళెం ముందు కూర్చున్నామె లేచి మగ్గం దగ్గరికి పోయింది. "నాకు చెప్పింటే ఏమైండె అక్కా?"

"చెప్తే లేయమంటావు."

"అంటా. ఇప్పుడూ అంటా" అంది చిన్నామె. ఇద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకున్నారు. పెద్దామె పలక అంచు రెండు చేతులతో పట్టుకుంది, ఎవరో లాగేస్తారన్నట్టు.

చిన్నామె మొగుడి వైపు తిరిగింది. "నువ్వు రావాకు. నువ్వు రెస్టు తీసుకో."

"ఏంది?"

"రెస్టు తీసుకో. అన్నం తిను. ఇంగా కావల్లంటే పప్పు ఉండాది, వేసుకో." అని చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఆయన చోట్లో కూర్చుంది. కాళ్ళు గుంతలోకి దింపింది.

ఆయన ఎంగిలి చెయ్యితోనే లేచాడు. "మే, వద్దే, చీర పాడైతాది! అది నీకు రాదు!"

"ఇన్నేండ్లు నీ పక్కనే కూసున్నా. నీ కాలు యాడ తొక్కుతాందో నాకు తెలీదా?"

తొక్కింది. మొదటి వేటే తప్పింది. పెద్దామె పలక అంచు పట్టుకునే చూస్తోంది. తర్వాత ఆమె నోటి నుంచి మాట వచ్చేసింది: "అది గాదు పాపా, యెడమది." మళ్ళీ తొక్కింది. నాడె అటు పోయింది. పెద్దామె చెయ్యి అలవాటు కొద్దీ అందుకుంది, అంచు నాడె తిరిగి వేసింది. ఇంకో వేటు. ఇంకోటి. ఆయన చేసే వేగంలో సగం కూడా లేదు, కానీ పోగు పక్కన పోగు పడుతోంది.

"ఆ మూల బిగువు చాల్లేదు! వదినా, నువ్వన్నా చెప్పు. కొంచెం జరుగు, నేను చూపిస్తా" అని ఆయన ఆ పక్కకూ ఈ పక్కకూ తిరుగుతున్నాడు. కూర్చోవడానికి ఆయనకు చోటు లేదు. చిన్నామె తల తిప్పకుండా "రెస్టు తీసుకోమన్నా గదా" అంది. పెద్దామెకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నామె కూడా నవ్వింది. ఆయన వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఆ నవ్వు విన్నాడు.

ఆయన ముఖం అప్పుడు చూశాను. ఆ ముఖం నాకు కొత్త కాదు. రోజూ బస్సు కిటికీ అద్దంలో చూసుకునేదే.

"ఇప్పుడు తెల్సిందా అప్పా?" అన్నాను. ఎవరూ అనవద్దన్నా అనేదాన్నే. ఆయన పళ్ళెం కింద పెట్టాడు.

సాయంత్రం మేము బయలుదేరే లోపల వాళ్ళే ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున మొగుడూ పెళ్ళాం, మధ్యాహ్నం తోడికోడళ్ళు. మధ్యాహ్నం పూట ఆయన పట్టు తెచ్చుకోవడం, కొట్టు పనులు చూసుకోవాలి. ఆ తర్వాత విన్నదేమంటే, ఆయన మధ్యాహ్నం ఎక్కడికీ పోవడం లేదట. గడప మీద కూర్చుని అట్ల గాదు, ఇట్ల గాదు అని చెబుతూనే ఉంటాడట, వాళ్ళు వినరట. ఆమె హిందూపురం పోలేదు, ఆ సోమవారం అక్కడ ఆమె మిషను మీద ఇంకెవరో కూర్చుని ఉంటారు.

ఇప్పుడు పరీక్ష రాయమంటే ఒక పేరా కొత్తగా కలుపుతాను. కుటుంబం ఏ పనులు చేస్తుందో, ఎవరి చేత చేయిస్తుందో మీరు చెప్పింది నిజమే. కానీ ఆ పనులకంటే ముందు అది మనిషికి ఒక చోటు ఇస్తుంది. ఆ చోటులో ఇంకొకరు కూర్చుంటే ఒళ్ళు మండుతుంది. మండని చోటు మనది కాదు. అసూయ కుటుంబాన్ని చెడగొడుతుందని మా పెద్ద మేడం ప్రతి మీటింగులోనూ చెప్పేది. నేను ఒప్పుకోను. ఆ ధర్మవరం ఇంట్లో అసూయ నోరు తెరవకుంటే ఒకామె మిషను దగ్గరికి పోయేది, ఇంకొకామె చెక్క దగ్గర మిగిలేది, ఆయన మంచోడుగానే ఉండిపోయేవాడు. దీనికి ఎన్ని మార్కులు వేస్తారో వేసుకోండి.

ఆ సాయంత్రం మేము లేస్తుంటే చిన్నామె ఎదురు బల్ల ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నీ దయ అక్కా. నువ్వు రాకుంటే నా సంసారం ఏమైపోయేదో" అని కళ్ళకద్దుకుంది. నా వైపు తిరిగి "పోయి రండి మేడం" అంది. పెద్దామె నన్ను చూసిన చూపు వేరే చెప్పనక్కర్లేదు. ఆమె నోటి నుంచి ఆ మాటలు లాగింది నేను కదా. తిరుగు బస్సులో ఆవిడ నా పక్కన కూర్చుని "మీరు భలే అడిగినారు మేడం" అంది. కళ్ళలో నీళ్ళు. నేను కిటికీ వైపు తిరిగాను. పెద్ద మేడం కేసు చక్కబడిన వైనం ఎవరికి చెప్పినా ఆవిడ ఓర్పు గురించే చెప్పింది. ఉగాదికి ధర్మవరం నుంచి ఒబ్బట్లు వచ్చాయి. నా బల్ల మీదికి సగం వచ్చింది. తిన్నాను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఎదురు బల్ల ఆవిడ కూతురి కాన్పుకని సెలవు పెట్టింది. వచ్చినవాళ్ళందరూ అలవాటు కొద్దీ ఆ బల్ల వైపే నడుస్తుంటే, పెద్ద మేడం విసుగుపడి నన్నే అక్కడ కూర్చోమంది. కూర్చున్నాను. ఆ కుర్చీకి ఫ్యాన్ గాలి బాగా తగులుతుంది, అది అంతకుముందు నాకు తెలియదు. నా ముందు కూర్చున్న ఒకామె, బుక్కపట్నం నుంచి వచ్చింది, మాట మధ్యలో నన్ను "అక్కా" అంది. నన్నే. నేను ఆ రోజు ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆవిడ సెలవు అయిపోయి వచ్చిన రోజు నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. ఎదురుగా ఒక జంట. ఆవిడ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది. తర్వాత నవ్వుతూ నా వెనక్కి వచ్చి నిలబడింది.

"కూసోండి మేడం, కూసోండి. పర్వాలేదు. నాకేం తొందర లేదు" అంది.

మాట ఎప్పటిలాగే మెత్తగా ఉంది. కళ్ళలో మాత్రం నీళ్ళు లేవు. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద వేసి ఉంచింది. పర్వాలేదు, పర్వాలేదు అంటూనే ఉంది, ఆ చెయ్యి మాత్రం తీయలేదు. చెక్క మీద ఆవిడ వేళ్ళు బిగుసుకోవడం నా వీపుకు తెలుస్తూనే ఉంది.

అన్నేళ్ళలో ఆవిడ నాకు నచ్చింది ఆ రోజే. లేచి కుర్చీ ఇచ్చేశాను. కొంచెం ఆలస్యంగా.